ముప్పై ఏళ్ల బెంజిని ఇంటి దగ్గరే చూసుకోవడం

మా డాక్టరుగారి బెంజి ఈ220 విజయవాడకు వచ్చింది 1996లో. పుణెలో బిగించిన బండి. మెర్సిడెస్ వాళ్లు మన దేశంలో మొట్టమొదట, 1995లో, బిగించడం మొదలుపెట్టిన మోడల్ ఇదే. తెలిసినవాళ్లు దీన్ని డబ్ల్యూ124 అంటారు. ఇరవై ఒక్క ఏళ్లు దాన్ని నేనే తోలాను. 2017లో డాక్టరుగారు పోయాక అమ్మగారు తాళాలు నా చేతిలో పెట్టి, "బయటివాళ్లకిస్తే ముక్కలు చేసి అమ్ముకుంటారు, నువ్వే ఉంచుకో" అన్నారు. అప్పటినుంచీ పటమటలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద ఉంటోంది. 3,40,000 కిలోమీటర్లు దాటింది. డ్రైవర్ పెన్షన్ అంటూ ఏమీ లేనివాణ్ణి, పెద్ద వర్క్‌షాపుకి తోలుకెళ్లే స్తోమత నాకు లేదు. అందుకని పని నేర్చుకున్నాను. ఆటోనగర్‌లో మెకానిక్కుల పక్కన ఏళ్లతరబడి నిలబడి చూసింది కొంత, చేతులు పెట్టి చూసుకుంది కొంత. ఇలాంటి బండి ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక విషయం. పాత బండి చూడగానే అందరూ "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని అడుగుతారు. ఈ బండికి అడగాల్సింది "ఎన్నేళ్లయింది?" అని. 2,199 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఇది, ఎం111 అంటారు. టైమింగ్ చైనుతో నడుస్తుంది, బెల్టు తెగి ఇంజిన్ పోయే భయం లేదు. ఆయిల్ మారుస్తూ ఉంటే లోపలి ఇనుముకి ఏమీ కాదు. చెడేవి మూడు: రబ్బరు, ప్లాస్టిక్, వైరు తొక్క. బండి తిరిగినా, కదలకుండా నిలబడినా ఈ మూడూ ముసలివైపోతాయి. బెజవాడ ఎండలో ఇంకా తొందరగా అవుతాయి. నేను చూసిన రిపేర్లలో చాలావరకు ఈ మూడింటిలో ఒకదాని దగ్గరే తేలాయి. అందుకే నా పుస్తకంలో కిలోమీటర్ల లెక్క ఆయిల్‌కి మాత్రమే. మిగతా ప్రతిదానికీ ఏ సంవత్సరం మార్చానో రాసుకుంటాను.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. మంచి సాకెట్ సెట్టు, బోల్టు ఎంత బిగువుగా బిగిసిందో కొలిచే టార్క్ రెంచి, ఎత్తిన బండిని మోసే స్టాండ్లు నాలుగు, మల్టీమీటర్, టార్చిలైటు, ఒక నోట్‌బుక్కు. బానెట్ గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. మామూలుగా ఎత్తితే సగం దాకానే లేస్తుంది. హింజీల దగ్గరున్న లాకు వదిలి ఇంకా ఎత్తితే నిట్టనిలువుగా నిలబడుతుంది. ఇంజిన్ చుట్టూ తిరిగి పని చేసుకోవడానికే దాన్ని అలా చేశారు.

బండి ఎత్తేటప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా తొందరపడొద్దు. జాకీ అనేది ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. గట్టి నేల మీద పెట్టి, కిందనే ఉండే చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టి, ఎత్తగానే స్టాండ్ల మీదికి దించి, చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి. నేను పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిందే, ఒంటరిగా ఎప్పుడూ దూరను. చక్రాలు తిరిగి బిగించేటప్పుడు బోల్టులు ఎదురెదురుగా బిగిస్తూ 110 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. పంక్చర్ షాపులో గన్నుతో బిగించాక ఇంటికొచ్చి నేను మళ్లీ వదులు చేసి బిగిస్తాను.

ఇక ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల సంగతి. ఈ బండిని చంపేది ఏదైనా ఉందంటే అది వేడే.

డాష్‌బోర్డులో టెంపరేచర్ మీటరు మీద 40, 80, 120 అని అంకెలుంటాయి. అది అలంకారం కాదు, నిజంగా ఎంత వేడి ఉందో అదే చూపిస్తుంది. ఇంజిన్ నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, 87 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. హైవే మీద ముల్లు 80కి కొంచెం పైన నిలబడాలి. మే నెలలో ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే 95 దాకా పోవచ్చు, బండి కదలగానే దిగాలి. దిగకపోతే టెన్షన్ పడాల్సిందే. హైవే మీద కూడా 80కి చేరకుండా కిందనే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. అది కూడా జబ్బే, పెట్రోలు తాగేస్తుంది.

చూడాల్సినవి వరసగా చెబుతాను. రేడియేటర్ పక్క ట్యాంకులు ప్లాస్టిక్‌వి. పై హోస్ పైపు తగిలించే మెడ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, ఒకరోజు రోడ్డు మీద పుటుక్కున విరుగుతుంది. విరిగితే నిమిషంలో నీళ్లన్నీ పోతాయి. ముల్లు లేచేది చూసుకోకపోతే ఇంజిన్ పైభాగం, హెడ్ అంటారు, అది వంగిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ మెడ మీద టార్చి వేసి చూడండి. సన్నటి గీతలు కనిపించినా, రంగు పాలిపోయినా రేడియేటర్ మార్చండి. అతికించే మందులు వద్దు. మా బండిది 2019లో మార్చాను, పగలకముందే. ఆ పాతది విప్పాక చేత్తో నొక్కితే బిస్కెట్ విరిగినట్టు విరిగింది.

నీళ్లుండే డబ్బా పసుపు రంగుకి తిరిగి లోపల మట్టం కనపడకుండా పోయిందంటే దానికీ వయసైపోయినట్టే. దాని మూత మీద 140 అని అచ్చు ఉంటుంది, 1.4 బార్ ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుందని. మూతలో రబ్బరు వాషరు చీలితే ఆ ఒత్తిడి నిలవదు, నీళ్లు ముందే మరుగుతాయి. మూత ఖరీదు తక్కువ, మూడేళ్లకోసారి మార్చేయండి. వేడిగా ఉండగా ఆ మూత తియ్యొద్దు. ఆటోనగర్‌లో ముఖం కాలినవాళ్లని నేను చూశాను.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కుళాయి నీళ్లు పోస్తే లోపల తెల్లగా గార కడుతుంది. మెర్సిడెస్ అప్రూవల్ ఉన్న కూలెంట్ తీసుకోండి. ఒకసారి ఒక రంగు, ఇంకోసారి ఇంకో రంగు కలపొద్దు. నింపేటప్పుడు హీటరు పూర్తి వేడి వైపు తిప్పి పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోస్తే గాలి బయటికి పోతుంది. మూడేళ్లకోసారి మొత్తం మార్చాలి. పాత కూలెంట్‌ని సందులో పారబొయ్యొద్దు. కుక్కలు, పిల్లులు తాగుతాయి, తాగితే చచ్చిపోతాయి. సీసాలో పట్టి మూత బిగించి పెట్టండి.

రేడియేటర్ ముందున్న కరెంటు ఫ్యాన్లని మర్చిపోతారు అందరూ. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ పూర్తిగా వేసి పది నిమిషాలు నిలబెట్టండి. ఎండాకాలం అయితే ఆ ఫ్యాన్లు మెల్లగానైనా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, తర్వాత రెసిస్టర్, తర్వాత మోటారు, ఆ వరసలో చూసుకోండి. నాకు రెండుసార్లూ ఫ్యూజు దగ్గరే దొరికింది.

ఫ్యూజుల మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఈ బండిలోవి ఇప్పటి చదునైన ఫ్యూజులు కావు. రెండు కొసలూ మొనదేలి గుండులా ఉండే పాతరకం. తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16, నీలం 25. మీద లోహపు పట్టీ అల్యూమినియందైతే తుప్పులాంటి పొర పట్టి, కాలకపోయినా కరెంటు సరిగ్గా పోనివ్వదు. లైట్లు మసకబారడం, కిటికీ మెల్లగా ఎక్కడం, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఒకసారి తిరగకపోవడం, ఇవన్నీ దానివల్లే. ఏడాదికోసారి బ్యాటరీ నెగటివ్ తీసి, ప్రతి ఫ్యూజునీ ఉన్నచోటే వేలితో రెండుమూడు చుట్లు తిప్పండి, కొసలు శుభ్రపడతాయి. దొరికితే రాగి పట్టీ ఉన్నవి వేయండి. పది నిమిషాల పని. దీనితోనే చాలా జబ్బులు తగ్గిపోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్దదైన వైరింగ్ దగ్గరికి వస్తాను.

2014లో బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున్న బాగుండేది. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో వణికేది, పికప్ పోయేది, చల్లారాక మళ్లీ మామూలే. డాక్టరుగారు ఒక వర్క్‌షాపులో ఇచ్చారు. వాళ్లు స్పార్క్ ప్లగ్గులు మార్చారు, ఇగ్నిషన్ కాయిల్స్ మార్చారు, ఎయిర్ మాస్ సెన్సర్ మార్చారు. నాలుగు నెలల్లో అరవై వేల పైన అయ్యింది. జబ్బు అలాగే ఉంది. చివరికి ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ బాబాయి ఏ సామానూ మార్చకుండా, ఇంజిన్ మీద వైర్ల కట్ట పైన ఉన్న నల్ల తొడుగుని ఒక ప్లగ్గు (వైర్లు తగిలించే ప్లగ్గు, స్పార్క్ ప్లగ్గు కాదు) దగ్గర రెండంగుళాలు వెనక్కి జరిపి, "ఇటు చూడు తమ్ముడూ" అన్నాడు. లోపల వైర్ల తొక్క అప్పడంలా పొడిపొడిగా రాలిపోతోంది. బోసిపోయిన రాగి తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. వేడికి సాగినప్పుడు తగిలి, చల్లారితే విడిపోతున్నాయి.

1992 నుంచి 1995 దాకా తయారైన ఇంజిన్ వైరింగ్‌కి ఈ జబ్బు ప్రపంచమంతా ఉంది. పైనుంచి చూస్తే తొడుగు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల ఏమైందో తెలియదు. కాబట్టి ఈ వయసు బండి మీ దగ్గరుంటే, దాని మీద ఏ సెన్సర్ అయినా కొనేముందు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టేముందు, వైర్లు చూడండి. ఈ వైర్ల కట్టనే హార్నెస్ అంటారు. మార్చిన హార్నెస్ అయితే దానిమీద తయారీ తేదీ స్టిక్కరు ఉంటుంది. లేకపోతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ తీసి, ఇంజిన్‌కి బాగా దగ్గరగా ఉన్న ఒక ప్లగ్గు వెనక తొడుగు జరిపి, ఒక్క వైరుని మెల్లగా వంచి చూడండి. తొక్క మెత్తగా వంగితే పరవాలేదు. గీత పడితే ఇక ఆ బండి తోలొద్దు. షార్టయితే ఇంజిన్ కంప్యూటర్ కూడా పోతుంది, అది దొరకడం చాలా కష్టం.

కొత్త హార్నెస్ కొనగలిగితే కొనండి, అదే మేలు. నాకు అప్పట్లో దొరకలేదు. బాబాయి సలహా అడుగుతూ మూడు ఆదివారాలు కూర్చుని వైర్లన్నీ నేనే మార్చాను. ఎలా చేశానో చెబుతాను.

మొదటి నియమం, ఒకసారి ఒక్క వైరే. పాతది కోసి, అదే పొడవు కొత్తది వేసి, అది పూర్తయ్యాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. పది ఒకేసారి కోస్తే ఏది ఎక్కడిదో ఆ దేవుడికే తెలియాలి. కొయ్యకముందే ప్రతి ప్లగ్గునీ ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకోండి. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. నోట్‌బుక్కులో ప్రతి ప్లగ్గు బొమ్మ గీసి, ఒక్కో పిన్ను పక్కన వైరు రంగు, గీత రంగు రాసిపెట్టింది. "నాన్నా, ఇది గోధుమ రంగు మీద ఎర్ర గీత, నువ్వు పచ్చ గీతది పట్టుకున్నావు" అని తను ఆపకపోతే నేను రెండుచోట్ల తారుమారు చేసేవాణ్ణి. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో ఉంది.

రెండోది, వైరు రకం. షాపులో మామూలు ఆటో వైరు ఇస్తారు. దాని పైన పీవీసీ తొక్క ఉంటుంది, ఇంజిన్ మీద వేడికి అది కూడా కొన్నాళ్లకి అదే గతి పడుతుంది. సిలికాన్ తొక్క గానీ టెఫ్లాన్ తొక్క గానీ ఉన్నది అడగండి, 180 డిగ్రీల పైన తట్టుకునేది. లావు పాతదానికి సమానంగా ఉండాలి, సన్నది వెయ్యొద్దు.

మూడోది, జాలీ ఉన్న వైర్లు. క్రాంక్ సెన్సర్‌కి, నాక్ సెన్సర్‌కి వెళ్లే వైర్ల చుట్టూ సన్నటి తీగల జాలీ అల్లి ఉంటుంది. పక్క వైర్ల కరెంటు వీటి సిగ్నల్‌ని పాడుచేయకుండా కాపాడేది అదే. అక్కడ మామూలు వైరు వేస్తే బండి స్టార్టవుతుంది, కానీ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. జాలీ వైరే తెచ్చి వేయండి.

అతుకులు ఇంజిన్‌కి దగ్గరగా పెట్టొద్దు. సోల్డర్ చేశాక, వేడి చేస్తే బిగుసుకునే గొట్టం, హీట్ ష్రింక్ స్లీవ్, ఎక్కించండి, టేపు చుట్టొద్దు. టేపు జిగురు వేడికి కారిపోతుంది. అన్నీ అయ్యాక కంప్యూటర్ వైపు ప్లగ్గు ఊడదీసే ఉంచి, మల్టీమీటర్‌తో ప్రతి వైరూ ఈ చివర నుంచి ఆ చివరకి చూడండి, ఒక ఓమ్ కంటే తక్కువ రావాలి. తర్వాత కట్టని చేత్తో అటూ ఇటూ కదుపుతూ పక్కపక్క వైర్ల మధ్య చూడండి, అసలు కనెక్షనే చూపించకూడదు. నాకు 1 ఓమ్ దాటిన వైరు ఒకటి దొరికింది, సోల్డర్ సరిగ్గా పట్టలేదు. మళ్లీ చేశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా మిస్సింగ్ రాలేదు.

పెట్రోలు పైపులు కూడా ఇంత జాగ్రత్తగానే చూడాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1995లో చేసిన రబ్బరు దానికోసం చేసింది కాదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చెమర్చుతుంది. నేను రబ్బరు పైపులన్నీ ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉన్న హోసుతో మార్చేశాను. లోపల ఇథనాల్‌కి తట్టుకునే పొర ఉంటుంది, ఇంజెక్షన్ ఒత్తిడికీ ఆగుతుంది. స్కూటర్లకి వేసే మామూలు పైపు ఇక్కడ వెయ్యడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పంపు, ఫిల్టరు రెండూ కుడివైపు వెనక చక్రానికి కొంచెం ముందు, బండి కింద ఒక మూత లోపల ఉంటాయి. విప్పేముందు పంపుకి కరెంటు ఆపి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపించండి, లైన్లో ఒత్తిడి పోతుంది. బ్యాటరీ తీయండి. జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయండి. ఫిల్టరు మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. ఆరుబయట చేయండి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోండి. తర్వాత ఆరునెలలకోసారి తెల్లటి గుడ్డతో పైపులన్నీ తుడిచి వాసన చూడండి.

బ్రేకుల రబ్బరు హోసులు కూడా అలాగే. బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ వదిలాక కూడా ఒక చక్రం వేడిగా ఉంటే అనుమానించండి. నాలుగూ ఒకేసారి మార్చండి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి.

బండి కదిలేటప్పుడు కింద నుంచి "దబ్" మని ఒక చప్పుడు, కొంచెం వేగం అందుకోగానే సీటు కింద వణుకు వస్తే, గేర్ బాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుకి ముందూ వెనకా ఉండే గుండ్రటి కప్లింగ్ రబ్బర్లు చూడండి. బోల్టుల చుట్టూ చీలికలు కనిపిస్తాయి. మార్చేటప్పుడు షాఫ్టు విప్పకముందే పెయింటుతో గుర్తులు పెట్టుకోవాలి, అది బ్యాలెన్స్ చేసిన షాఫ్టు, ఎలా ఉన్నది అలాగే కూర్చోవాలి. నట్లు కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడితే వదులవుతాయి. మధ్యలో ఉన్న బేరింగు రబ్బరు కూడా అప్పుడే మార్చేయండి. షాఫ్టు మధ్య జాయింటు నట్టు మాత్రం చివర్న బిగించాలి, బండి చక్రాల మీద నిలబెట్టి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోశాక.

డోర్ లాకులు ఈ బండిలో గాలితో పనిచేస్తాయి. తాళం తిప్పాక వెనక సీటు కింద పంపు గుయ్యిమంటూ అర నిమిషం దాటి తిరుగుతూనే ఉంటే ఎక్కడో గాలి లీకు. చాలాసార్లు డోర్ లోపల చిన్న రబ్బరు జాయింటు చీలి ఉంటుంది. ఒక్కో డోర్ పైపుని విడదీసి మూసి చూస్తూ పోతే ఏ డోరో తెలుస్తుంది.

ముందు అద్దానికి ఒక్కటే వైపరు. తిరుగుతూ పైకీ కిందికీ సాగి అద్దంలో 86 శాతం తుడుస్తుంది. ఎంతో తెలివైన మెకానిజం. లోపల గ్రీజు ఎండిపోతే టకటకలాడుతుంది, వినిపించుకోకపోతే గేర్లు అరిగిపోతాయి. చేత్తో ఎప్పుడూ లాగొద్దు. వానాకాలం ముందు గ్రీజు పెట్టించండి. అప్పుడే అద్దం కింద గాడిలో చేరిన ఆకులు కూడా తీసేయండి. మా షెడ్డు పక్కన వేపచెట్టు ఉంది, ఆ ఆకులు నీళ్లు పోయే రంధ్రాల్ని మూసేస్తే వాన నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి. తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. డోర్ల కింద జాకీ రంధ్రాలకి ఉండే ప్లాస్టిక్ మూతలు పోయాయేమో చూసి కొత్తవి పెట్టండి.

ఆయిల్ అందరికీ తెలిసిందే. ఎంబీ 229.1 అని, అంటే మెర్సిడెస్ అప్రూవల్ గుర్తు, డబ్బా మీద ఉన్న 15డబ్ల్యూ-40 నేను వాడతాను. ముందు 5 లీటర్లు పోసి, గేజీ చూసి మిగతాది పోస్తాను. 7,500 కిలోమీటర్లు గానీ ఏడాది గానీ, ఏది ముందైతే అది. డ్రెయిన్ బోల్టు రాగి వాషరు ప్రతిసారీ కొత్తదే.

ఇంట్లో చెయ్యనివి కూడా ఉన్నాయి. ఏసీ గ్యాసు, ఏబీఎస్ యూనిట్, స్టీరింగ్ బాక్సు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు నేను ముట్టుకోను. వాటికి మంచి చెయ్యి తెలిసినవాళ్ల దగ్గరికే తోలుకెళ్తాను, వెళ్లి పక్కనే నిలబడతాను.

రోజూ చేసేది ఒక్కటే. రాత్రి బండి పెట్టేటప్పుడు కింద ఒక పెద్ద అట్టముక్క పరుస్తాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని విప్పి చేసింది. ఇంజిన్ ఎక్కడుందో, గేర్ బాక్సు, డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా), చక్రాలు ఎక్కడ వస్తాయో దాని మీద స్కెచ్ పెన్నుతో గీసి ఉంచాను. పొద్దున్నే తీసి చూస్తే బండి తనకేమైందో తనే చెబుతుంది. నల్లటి చుక్క ఇంజిన్ ఆయిల్. రంగు కూలెంట్ అయితే వెంటనే పైపులు చూడాలి. చిక్కగా, ఘాటు వాసనతో వెనక పడితే డిఫరెన్షియల్. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్, ఆ రోజు బండి తియ్యను. వేసవిలో ఏసీ నీళ్లు పడి ఆరిపోతాయి, వాటికి మచ్చ ఉండదు. ప్రతి చుక్క చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేస్తాను. ఇప్పుడున్న అట్ట మీద ఇంజిన్ ముందు భాగం కింద రెండు నల్ల చుక్కలున్నాయి. పోయిన సంక్రాంతి నుంచి ఆ రెండే, పెద్దవి కాలేదు. టైమింగ్ కవర్ వైపు నుంచి అని నా అనుమానం. ఈ శీతాకాలంలో విప్పి చూడాలని నోట్‌బుక్కులో రాసుకున్నాను.